క్లిప్పు కత్తి తిన్న జేబులు

కొత్తగా లైన్‌మన్లుగా చేరిన పిల్లలు దారిలో కనపడి “అంకుల్, మీ ఎక్స్‌పీరియన్స్ జర చెప్పున్రి” అంటే నేను ముందు వాళ్ల ముఖం చూడను. ప్యాంటు జేబు చూస్తాను. జేబు అంచు మీద కత్తి క్లిప్పు మెరుస్తూ, దాని కింద గుడ్డ పోగులు పోగులుగా లేచి ఉంటే నాకు కోపం వస్తుంది. ఇప్పుడు ఆడపిల్లలు కూడా స్తంభాలు ఎక్కుతున్నారు, వాళ్లనూ వదలను. ముసలాయనకు ఈ జేబుల పిచ్చేమిటి అని నవ్వుకుంటారు. నవ్వుకోనీ.

నా పేరు కొమురయ్య. వరంగల్ చుట్టుపక్కల ఊళ్లలో కరెంటు స్తంభాలు ఎక్కుతూ దిగుతూ ఉద్యోగమంతా గడిపాను. ఎప్పుడు చేరాను, ఎక్కడెక్కడికి మారాను, ఏ హోదాలో రిటైరయ్యాను అన్న సంగతులతో మీకు పని లేదు, నాకూ లేదు. నేను రాయదలచుకున్నది మడతపెట్టే కత్తి గురించి, దాని క్లిప్పు గురించి, ఆ క్లిప్పు కొరికేసే జేబు గురించి. ఇంత చిన్న సంగతికి ఇన్ని కాగితాలా అనుకోకండి. ఒకసారి నా ప్రాణం ఆ జేబు దగ్గరే ఆగింది. ఆపినవాడు యాకూబ్, నా జోడీ లైన్‌మన్. యాకూబ్ ఇప్పుడు నెక్కొండలో కొడుకింట్లో మంచం పట్టాడు. నేనెవరో అతనికి తెలియడం లేదు. వీలైనప్పుడల్లా రైలెక్కి వెళ్లి ఎదురుగా కూర్చుంటాను, ఈసారైనా గుర్తుపడతాడేమోనని. ఈ రాతలో కత్తి గురించి ఎంత ఉందో ఆ ఎదురుచూపు గురించీ అంతే ఉంటుంది. ముందే చెప్పేస్తున్నాను.

కత్తి ఎందుకంటే

డిపార్ట్‌మెంటు ఇచ్చే సామాన్లలో ప్లయర్ ఉంటుంది, మా రోజుల్లో కత్తి ఉండేది కాదు. ప్లయర్ చాలదా అంటే చాలదు. సర్వీసు వైరు పైతొడుగును ప్లయర్‌తో పట్టి లాగితే లోపలి తీగకు గాటు పడుతుంది. ఎండాకాలం అందరూ కూలర్లు వేసినప్పుడు ఆ గాటు దగ్గరే వేడెక్కి తీగ తెగిపడుతుంది. కత్తిని ఏటవాలుగా పెట్టి, పెన్సిలు చెక్కినట్టు తొడుగు తీయాలి. జాయింటు వేసే ముందు అల్యూమినియం తీగ మీది నల్లటి పొరను గీకాలి. స్తంభాన్ని అల్లుకున్న తీగలను, చిక్కుపడ్డ గాలిపటాల మాంజాను కోయాలి. ఇవన్నీ కరెంటు తీసిన తర్వాత చేసే పనులే, అయినా పైన నిలబడి చేసే పనులు. అక్కడ కత్తి కోసం వెతుక్కునే తీరిక ఉండదు.

మొదట్లో నా దగ్గర కట్టె పిడి ఉన్న మామూలు చాకు ఉండేది. జేబు అడుగున పడి ఉండేది. స్తంభం ఎక్కడానికి మోకాలు లేపినప్పుడల్లా తొడకు గుచ్చుకునేది. చివరికి జేబుకు అడుగున చిల్లు పెట్టింది. ఒకనాడు నేను పైన ఉండగానే ప్యాంటు కాలులోంచి జారి, కింద నిలబడ్డ యాకూబ్ పక్కన పడింది. అతను దాన్ని తీసి దుమ్ము తుడిచి, నెమ్మదిగా పైకి చూశాడు.

“అన్నా, నా మీద ఏమన్న కోపముంటే దిగొచ్చి చెప్పరాదె” అన్నాడు.

ఆ వారమే నన్ను వరంగల్ చౌరస్తా దగ్గరున్న ఒక హార్డ్‌వేర్ దుకాణానికి లాక్కుపోయాడు. సేటు అద్దాల పెట్టెలోంచి క్లిప్పు కత్తి తీసి చూపించాడు. పెన్నుకు ఉన్నట్టే పిడికి ఒకపక్క ఉక్కు పట్టీ. జేబు అంచుకు తగిలిస్తే కత్తి అక్కడే నిలుచుంటుంది. చెయ్యి పోయిన చోట కత్తి ఉంటుంది. నాకు చూడగానే నచ్చింది. యాకూబ్ మాత్రం పిడి మీద బొటనవేలితో రాసి చూశాడు.

“గిది జేబును తింటది సేటూ.”

“చెమట చేతుల పట్టు ఉండాలంటే పిడి గరుకు ఉండాలె గద భాయ్” అన్నాడు సేటు.

ఇద్దరూ నిజమే చెప్పారు. ఆ పిడి గరుకు చేతికి మంచిది, గుడ్డకు చెడ్డది. ఉక్కు పట్టీ గుడ్డను ఆ గరుకు మీదికి అదిమి పెడుతుంది. కత్తి తీసినప్పుడల్లా, పెట్టినప్పుడల్లా జేబు అంచును ఆకురాయితో రాసినట్టే. ముందు రంగు పోతుంది, తర్వాత పోగులు లేస్తాయి, ఆ తర్వాత కుట్టు విడిపోతుంది. కుట్టు విడిపోయిందని మనకు తెలియదు, ఎందుకంటే క్లిప్పు ఆ చిరుగు మీదే కూర్చొని దాన్ని కప్పేస్తుంది.

కింద నిలబడే మనిషి

మా పనికి ఇద్దరు కావాలి. ఒకడు ఎక్కుతాడు, ఒకడు కింద నిలబడతాడు. కింద నిలబడటం పనే కాదని కుర్చీల్లో కూర్చున్న చాలామంది నమ్మకం. మనుషులు తక్కువ పడ్డప్పుడు ముందుగా వాళ్లు పీకేది అతన్నే. ఒక ఇంజనీరు నా ఎదుటే అన్నాడు, “ఆయన అక్కడ ఉత్తగ ఆకాశం చూసుకుంట నిలవడుతడు, సబ్‌స్టేషన్‌కు పంపియ్యి” అని. అలాంటి ఇంజనీర్ల దగ్గర నేను నోరు పారేసుకున్నాను. దానివల్ల నాకు దూరపు ఊళ్లు దక్కాయి. నాకేమీ బాధ లేదు, యాకూబ్‌ను కూడా నాతోపాటే తోలేవాళ్లు.

కింద నిలబడేవాడు ఏం చేస్తాడో చెబుతాను. పల్లెల్లో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర పింగాణీ ఫ్యూజు గ్రిప్పులు ఉంటాయి, మూడు ఫేజులకు మూడు. అవి పీకితే అక్కడి నుంచి పోయే తీగల్లో కరెంటు ఆగిపోతుంది. పీకినవి అక్కడే వదిలి వెళ్తే, పొలానికి నీళ్ల తొందర ఉన్నవాడెవడో వచ్చి మళ్లీ పెట్టేస్తాడు. అందుకని ఎక్కేవాడే వాటిని తన జేబులో వేసుకొని ఎక్కాలి. ఇది మాకు పెద్ద లైన్‌మన్లు నేర్పిన పద్ధతి. పైకి చేరి, తీగను ముట్టుకోబోయే ముందు జేబు మీద చేత్తో చరుచుకోవాలి. పింగాణీ గలగలమంటుంది. కిందున్నవాడు ఆ చప్పుడు విని “ఉన్నయ్” అనాలి. అతను ఆ మాట అన్నాకే చెయ్యి తీగ మీదికి పోవాలి.

ఇదొక్కటే చాలనుకోకండి. ఎల్‌సీ, అంటే లైను ఆపామని సబ్‌స్టేషన్ ఇచ్చే అనుమతి, తీసుకోండి, టెస్టరుతో చూడండి, ఎర్తింగ్ రాడ్డు వేయండి. మాకు ఆ రాడ్డు ఒక సెక్షన్‌కు ఒకటి ఉంటే అది ఎప్పుడూ ఇంకో ఊళ్లో ఉండేది. మీకు ఇస్తున్నారు, వాడుకోండి. బరువని బండి మీద వదిలేసే వాళ్లను చూశాను, వాళ్లకు నేను చెప్పేదేమీ లేదు.

పైనుంచి చూస్తే కిందున్న మనిషి ఎట్లా కనపడతాడో ఎక్కినవాళ్లకే తెలుసు. నెత్తి, ముక్కు, పైకి చూస్తున్న రెండు కళ్లు. చుట్టూ ఎంత పెద్ద పొలమున్నా నీకు మనిషంటే ఆ ఒక్కడే. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేను ఒంటరినని ఎప్పుడూ అనుకోలేదు, ఆ ముఖం ఉండేది కాబట్టి.

ఆ పొద్దు

నెక్కొండ దిక్కు ఒక ఊళ్లో నాట్లు పడుతున్న రోజులు. గాలివానకు ఒక తీగ జారి వేలాడుతోంది. పొద్దున నుంచి ఇంజనీరు ఫోను మీద ఫోను, జల్ది కానియ్యున్రి, రైతులు నా పానం తింటాన్రు అని. నా ఎడమ జేబులో ఆ ఫోనే ఉంది. అందుకని గ్రిప్పులు పీకి మూడింటినీ కుడి జేబులో, కత్తి ఉన్న జేబులోనే వేసుకున్నాను. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి స్తంభం దాకా పొలం గట్టు మీద నడిచి వెళ్లాం.

ఎక్కాను. నడుముకు తాడు కట్టుకున్నాను. జేబు మీద చరిచాను. యాకూబ్ “ఉన్నయ్” అనలేదు.

మళ్లీ చరిచాను.

“అన్నా, ఆగు” అన్నాడు. అరవలేదు. “తీగె ముట్టకు. చప్పుడు తేడా ఉన్నది. జేబుల చెయ్యి పెట్టి చూడు.”

పెట్టాను. రెండే తగిలాయి. చెయ్యి ఇంకాస్త కిందికి పోతే వేళ్లు బయటికి వచ్చాయి, పక్క కుట్టు పొడుగునా. క్లిప్పు కొరికిన చోట మొదలైన చిరుగు అది. పైన కత్తి కుదురుగానే ఉంది, దాని పక్క నుంచే గ్రిప్పు జారిపోయింది. ఎక్కడ పడిందో అని గట్టు వైపు చూశాను. గట్టు మీద ఏమీ లేదు. దూరంగా ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒక పెద్దమనిషి నిలబడి ఉన్నాడు. నేను చూస్తుండగానే ఆయన చెయ్యి ఎత్తాడు, పక్క పొలంలో మోటారు కొట్టం మీది బల్బు వెలిగింది.

తీగ నా ముఖానికి జానెడు దూరంలో ఉంది.

“దిగు” అన్నాడు యాకూబ్. “తీగె దిక్కు చూడకు, నా దిక్కు చూసుకుంట దిగు.”

అలాగే దిగాను. కాళ్లు నేల మీద పెట్టాక బురదలోనే కూర్చున్నాను. యాకూబ్ ట్రాన్స్‌ఫార్మర్ దాకా పరిగెత్తి గ్రిప్పు పీకి తెచ్చాడు, వెనకాలే ఆ పెద్దమనిషి వచ్చాడు. పాపం, ఆయన మంచికే పెట్టాడు. “గట్టు మీద పడి ఉన్నది బిడ్డా, పెట్టుడు మరిసి పారేసుకున్నవనుకున్న” అంటూ నెత్తి పట్టుకున్నాడు. ఆయన్ని యాకూబ్ ఒక్క మాట అనలేదు. నా పక్కన కూర్చొని, చిరిగిన నా జేబును చేత్తో పట్టుకొని చాలాసేపు చూశాడు.

“వదినకు పోయి నేనేం చెప్పేది అన్నా?” అన్నాడు. నేను ఏడ్చాను. దాచుకునేదేముంది, ఏడ్చాను.

జేబును కాపాడుకునే తీరు

సరోజనకు, అంటే నా భార్యకు, నేను చెప్పకూడదనుకున్నాను. యాకూబ్ ఆ సాయంత్రం నాతోపాటే ఇంటికి వచ్చి, చాయ్ తాగకుండానే అంతా చెప్పేశాడు. ఆమె విన్నది, లేచి నా ప్యాంటు తెచ్చి అతని ఒళ్లో పెట్టింది.

“ఏం జేస్తే చిరగదో చెప్పు యాకూబన్నా. కత్తి మాన్పియ్యన్నా?”

“కత్తి మానుడు కాదు వదినా. జేబును మంచిగ చేద్దాం.”

అప్పటినుంచి మేము ముగ్గురం కలిసి, చేసి చూసి, చెడగొట్టి నేర్చుకున్నదే ఇప్పుడు చెప్పేది.

మొదటి మాట, కత్తి ఉన్న జేబులో ఇంకేదీ వేయొద్దు. గ్రిప్పులకు వేరే జేబు, ఫోనుకు చొక్కా జేబు. ఇది మరిచిపోతే మిగిలినవన్నీ దండగ.

తర్వాత పిడి సంగతి. క్లిప్పు కింద పడే భాగం వరకే గరుకును సన్న ఉప్పు కాగితంతో నున్నగా రుద్దాలి. పిడి మొత్తం రుద్దితే చేతిలో జారుతుంది, ఆ తప్పు నేను చేసి ఒక కత్తి పాడుచేసుకున్నాను. క్లిప్పు కొసను కూడా చూసుకోవాలి. దాని అంచు కోసుగా ఉంటే గుండ్రంగా అరగదీయాలి.

కొత్త క్లిప్పు మరీ బిగువుగా ఉంటుంది. దాన్ని కొంచెం లేపాలి. ఎంత అంటే, జేబు అంచు మడత దానికింద దూరి కదలకుండా ఉండాలి, కానీ నలగకూడదు. బలంగా ఎత్తితే పట్టీ వదులై కత్తి పడిపోతుంది. యాకూబ్ దీనికొక పరీక్ష పెట్టాడు. కత్తి తగిలించుకొని గుంజీలు తీయించేవాడు. వాకిట్లో నేను గుంజీలు తీస్తుంటే పక్కింటి వాళ్లు గోడ మీంచి చూసేవాళ్లు, సరోజన పైట కొంగు నోట్లో కుక్కుకొని నవ్వేది.

ఎక్కడ తగిలించాలన్నది ఇంకో సంగతి. జేబు మధ్యలో తగిలిస్తే గుడ్డ ఒంటి పొర, తొందరగా పోతుంది. పక్క కుట్టు దగ్గర పొరలు ఎక్కువ, అక్కడే తగిలించాలి. కానీ ఆ కుట్టు తెగిందంటే జేబు పొడుగునా విచ్చుకుంటుంది, నాకు జరిగినట్టే. అందుకని అక్కడ అతుకు తప్పనిసరి.

అతుకు కోసం ముందు సైకిలు ట్యూబు ముక్క కుట్టాం. రబ్బరు కత్తిని పట్టుకొని వదలదు, లాగితే జేబు మొత్తం బయటికి వస్తుంది. తర్వాత పాత పర్సు తోలు కుట్టాం, ఉతికితే అట్టలా గట్టిపడింది. చివరికి సరోజనే కనిపెట్టింది. లోపలి వైపు మందంగా ఉండే కాన్వాసు ముక్క, బయటి వైపు విరిగిపోయిన గొడుగు నల్లగుడ్డ. గొడుగు గుడ్డ నున్నగా ఉంటుంది కాబట్టి క్లిప్పు దాని మీద జారుతుంది. నాలుగు అంచులూ దగ్గర దగ్గర కుట్లు, మధ్యలో అడ్డంగా ఇంకో రెండు వరసలు. ఆ అతుకు ప్యాంటు కన్నా ఎక్కువ కాలం నిలిచేది, పాత ప్యాంటు నుంచి విప్పి కొత్తదానికి వేసేది.

తీసే పద్ధతి కూడా చెప్పాలి. అందరూ పిడి పట్టుకొని పైకి గుంజుతారు. అట్లా కాదు. ముందు బొటనవేలు క్లిప్పు కిందికి తోసి గుడ్డ మీంచి దాన్ని లేపాలి, అప్పుడు తీయాలి. పెట్టేటప్పుడూ అంతే. మొదట్లో చిరాకు పుడుతుంది, తర్వాత చేతికి అదే అలవాటవుతుంది.

ఇంకొకటి. డ్యూటీ అయిపోయాక కత్తిని బండి డిక్కీలో పెట్టండి. క్లిప్పు అందరికీ కనపడుతుంది. ఒక పెద్ద ఆఫీసు గేటు దగ్గర నన్ను పక్కన నిలబెట్టి, దొంగను చూసినట్టు చూశారు. నా పని వాళ్లకు చెప్పి ఒప్పించేసరికి నేను వెళ్లిన పని కాస్తా ఆగింది. వాళ్ల తప్పు లేదు, బజార్లో కత్తి చూస్తే ఎవరైనా జంకుతారు.

పిడికిలి

ఆ సంఘటన తర్వాత సరోజన రోజూ పొద్దున నేను బయల్దేరేటప్పుడు నా జేబులో పిడికిలి పెట్టి కిందికి గట్టిగా లాగి చూసేది. రెండు జేబులూ చూసేది. పోగు ఒక్కటి లేచినా ప్యాంటు విప్పించి ఇంకోటి ఇచ్చేది. డ్యూటీకి ఆలస్యమైతే “మీ ఇంజనీరుకు నన్ను చూపియ్యి, నేను చెప్త” అనేది. మాకు పిల్లలు లేరు. ఆమె శ్రద్ధ మొత్తం నా జేబుల మీదే పెట్టింది అనిపించేది అప్పుడప్పుడు.

నా ఉద్యోగం ఇంకా ఉండగానే సరోజన పోయింది. జ్వరమని దవాఖానకు తీసుకుపోయాం, తిరిగి రాలేదు. దాని గురించి ఇంతకన్నా రాయలేను.

దినాలు అయ్యాక డ్యూటీకి వెళ్లాను. స్తంభం దగ్గర గ్రిప్పులు జేబులో వేసుకొని ఎక్కబోతుంటే యాకూబ్ అడ్డం వచ్చాడు. నా జేబులో పిడికిలి పెట్టి కిందికి లాగాడు. రెండో జేబూ అంతే. సరోజన ఎట్లా లాగేదో అట్లాగే. ఆమె ఆ పని చేసేదని అతనికి ఎప్పుడు చెప్పానో, ఎప్పుడు చూశాడో నాకు తెలియదు.

“నీకెట్ల ఎరుక?” అన్నాను.

“వదిన నాకప్పజెప్పింది అన్నా. దవాఖానల.”

అప్పటినుంచి ప్రతి స్తంభం దగ్గరా అదే. ఊరివాళ్లు చూసి నవ్వేవాళ్లు, ఇద్దరు పెద్ద మగవాళ్లు ఒకరి జేబులో ఒకరు చేతులు పెట్టుకుంటున్నారని. పిడికిలికి పోగు తెగిన చప్పుడు వినిపిస్తే యాకూబ్ ఒకటే మాట అనేవాడు. “జేబు మంచిగ లేదన్నా. నువ్వెక్కకు, నేనెక్కుత.” గ్రిప్పులు నా జేబులోంచి తన జేబులోకి మార్చుకొని ఎక్కేవాడు. అప్పుడు నేను కింద నిలబడి అతని కళ్లు చూసేవాణ్ణి. నేను కుట్టడం నేర్చుకున్నాను, కానీ సరోజన చేతి కుట్టు నాకు రాలేదు. అందుకని అతను నా బదులు చాలాసార్లు ఎక్కాడు.

ఇప్పుడు

రిటైరయ్యాక మడికొండలో రెండు గదుల ఇల్లు కట్టుకున్నాను. చుట్టూ కొత్త ఇళ్లు, అందరూ కంప్యూటర్ల ఆఫీసులకు పోయేవాళ్లు. మంచివాళ్లే, ఎదురైతే నమస్తే అంటారు. పేర్లు నాకు తెలియవు. పొద్దున బండ్లు వెళ్లిపోతే ఆ గల్లీలో నేనొక్కణ్ణే. మొన్నామధ్య ట్యాంకు కడుగుదామని నిచ్చెన వేసి ఎక్కాను. పైకి పోయి అలవాటు కొద్దీ జేబు మీద చరుచుకున్నాను. కిందికి చూస్తే బాత్రూం రేకు, బకెట్టు. ఆ రోజు ట్యాంకు కడగకుండానే దిగాను. నాకు భయం వేసిందని చెబితే ఎవరైనా నమ్ముతారా, ఉద్యోగమంతా స్తంభాల మీద గడిపినవాణ్ణి.

కత్తి మాత్రం ఇంకా తగిలించుకుంటాను, ఇంట్లో తిరిగినా సరే. అది లేకపోతే ఒకపక్క తేలికగా ఉండి నడక కుదరదు. అతుకు వేయడం మానేశాను. ఎక్కేది లేదు, జేబు ఎట్లా ఉంటే ఏమని. ఊళ్లో పిల్లల జేబులు చూసి కోప్పడే మనిషినే, నా జేబు అంచు పోగులుగా వేలాడుతుంటే పట్టించుకోలేదు. చూసేవాళ్లు లేకపోతే మనిషి ఇట్లాగే తయారవుతాడు.

యాకూబ్‌కు పక్షవాతం వచ్చింది, దాని వెనకాలే మతిమరుపు. వెళ్లినప్పుడల్లా అతని కోడలు షబానా కుర్చీ వేసి “మామా, కొమురయ్య మామ వచ్చిండు, చూడున్రి” అని గట్టిగా చెబుతుంది. అతను నా వంక మర్యాదగా చూస్తాడు, ముక్కూ మొహం తెలియని మనిషిని చూసినట్టు. నేను ఊళ్ల పేర్లు చెబుతాను, పాత ఇంజనీర్లను తిడతాను, ఆ గుంజీల సంగతి చెబుతాను. ఏదీ తగలదు. తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చొని స్తంభాలు చూస్తూ వస్తాను. మేమిద్దరం ఎక్కినవి వాటిలో కొన్ని ఉన్నాయి, ఆ మాట చెప్పుకోవడానికి ప్రపంచంలో ఇంకెవరూ లేరు.

కిందటిసారి జామకాయలు తీసుకుపోయాను. షబానా వంటింట్లో ఉంది. కాయ ముక్కలు కోసి పెడదామని, బొటనవేలితో క్లిప్పు లేపి కత్తి తీశాను. యాకూబ్ చూపు కత్తి మీదికి రాలేదు, నా జేబు మీదికి పోయింది. ముక్కలు కోసి చేతికిచ్చాను. నెమ్మదిగా నమిలి తిన్నాడు. కత్తి తుడిచి మళ్లీ తగిలించుకున్నాను. రైలు వేళ అయిందని లేచి మంచం పక్కన నిలబడ్డాను.

అతని మంచి చెయ్యి లేచింది. నన్ను పట్టుకుంటాడేమో అనుకున్నాను. నా జేబులోకి పోయింది. పిడికిలి బిగించి కిందికి లాగాడు. పక్క కుట్టు చర్రున విడిపోయింది, అతని వేళ్లు బయటికి వచ్చాయి.

ఆ వేళ్ల వంక చూసుకున్నాడు. మాట సరిగ్గా రాని నోటితో, ఒక్కో ముక్కా కూడగట్టుకొని అన్నాడు.

“జేబు మంచిగ లేదన్నా. నువ్వెక్కకు.”

నేను చిరిగిన జేబును చేత్తో మూసుకున్నాను.

“నేనెక్కుత” అన్నాడు. దుప్పటి పక్కకు తోసి, పనిచేయని కాలును చేత్తో పట్టుకొని మంచం మీంచి దించబోయాడు. షబానా పరిగెత్తుకొచ్చింది. ఇద్దరం పట్టుకొని కూర్చోబెట్టాం. అతని మంచి చెయ్యి ఇంకా ముందుకు చాపి ఉంది, గ్రిప్పులు ఇమ్మని అడిగినట్టు. నేను రెండో జేబులో చెయ్యి పెట్టి, మిగిలిన రెండు జామకాయలు ఆ చేతిలో పెట్టాను. తీసుకొని చొక్కా జేబులో వేసుకున్నాడు. అప్పుడు శాంతించాడు.

నన్ను గుర్తుపట్టాడా అంటే చెప్పలేను. మా దగ్గర అందరినీ అన్నా అనే అంటారు. షబానా ఏడుస్తూ అడిగింది, “ఏడికి ఎక్కుతనంటాండు మామా?” అని.

ఇంటికి వచ్చి అటక మీద నుంచి సరోజన కుట్టు డబ్బా దించాను. గొడుగు గుడ్డ ముక్క ఇంకా ఉంది. లోపల కాన్వాసు, బయట నల్లగుడ్డ, నాలుగు అంచులా దగ్గర దగ్గర కుట్లు, మధ్యలో అడ్డంగా రెండు వరసలు. నా కుట్టు ఇప్పటికీ వంకరే. వచ్చే ఆదివారం నెక్కొండ పోతున్నాను. అతను పిడికిలి పెట్టి ఎంత లాగినా ఈసారి తెగకూడదు. ఆ కాలుతో అతను నా బదులు స్తంభం ఎక్కకూడదు.